క్లారీ నూరో గోలు

గన్నబూల్,
1984 మే 6

ప్రియమైన లిండ్సే,

మీ అన్న క్లారీ పోయినప్పుడు నువ్వు పంపిన టెలిగ్రాం అందింది. జవాబు రాయడానికి మూడు నెలలు పట్టింది, ఏమనుకోకు. ఇల్లు ఇంకా అలవాటు కాలేదు. పొద్దున్నే రెండు కప్పుల్లో టీ పోసేస్తాను, రెండోది నేనే తాగేస్తాను.

ఇప్పుడు ఒక పని మీద రాస్తున్నాను. ఈ సెప్టెంబరుకి మన ఫుట్‌బాల్ లీగుకు డెబ్బై అయిదేళ్లు నిండుతాయి. రికార్డులన్నీ ఒక పుస్తకంగా వేద్దామన్నారు కమిటీవాళ్లు. ఇరవై ఏడేళ్లుగా స్కోరు రాస్తున్నదాన్ని నేనే కదా, పని నా నెత్తిన పడింది. భోజనాల బల్ల నిండా పాత స్కోరు పుస్తకాలే. నిలబడి తింటున్నాను.

ఎన్ని వింతలున్నాయో చూడు. 1931లో విర్రిటన్ జట్టు ఒక్క గోలు కూడా కొట్టకుండా మ్యాచ్ గెలిచింది! ఎత్తు స్తంభాల మధ్యనుంచి పోతే ఆరు పాయింట్లు, పక్క స్తంభాల మధ్యనుంచి పోతే ఒకటే కదా. వాళ్లు పక్కకే పదమూడుసార్లు కొట్టారు. అవతలివాళ్లవి రెండు గోల్స్, అంతే. పదమూడుకి పన్నెండు. ఇంకొకడు రోలీ హ్యాచర్ అని, గొర్రెల ఉన్ని కత్తిరించే ముఠాతో వచ్చాడు. మనిషి తక్కువైతే ఆడమన్నారు. పదకొండు గోల్స్ కొట్టి, మర్నాడు ముఠాతో వెళ్లిపోయాడు. మళ్లీ ఎవరికీ కనబడలేదు. మ్యాచ్‌కి పదకొండు చొప్పున సగటు, లీగులో అతన్ని మించినవాడే లేడు.

తర్వాత నువ్వు. 1948 నుంచి 1958 దాకా నూట ఎనభై తొమ్మిది మ్యాచ్‌లు, గోల్స్ సున్నా. అంత ఆడి ఒక్కటీ కొట్టనివాడు ఇంకెవడూ లేడు. మీ అన్నేమో ఒకే ఏడాది వంద కొట్టినవాడు, ఈ లీగులో ఒకే ఒక్కడు. ఇద్దరినీ ఎదురెదురు పేజీల్లో వేస్తానంటే ప్రింటరు కూడా సంబరపడ్డాడు. నీ పాత ఫోటో ఒకటి, నాలుగు మాటలు రాసి పంపు.

నా తోడికోడలు ఇర్మాను అడిగానని చెప్పు.

ప్రేమతో,
అవిస్

*

టాస్మేనియా,
మే 20

అవిస్ వదినా,

ఆపిల్ కోతలు ఇప్పుడే అయ్యాయి. ఇర్మా నిన్ను అడిగింది. అన్నయ్య సంగతికి నిజంగా బాధపడ్డాను. టెలిగ్రాంలో అంతకంటే రాయడం చేతకాలేదు.

నా పేరు ఆ పుస్తకంలో వేయొద్దు. ఆ సున్నా నిజం కాదు. ఇంతకంటే అడక్కు.

లిండ్సే

*

గన్నబూల్,
జూన్ 3

ప్రియమైన లిండ్సే,

అడక్కు అంటే ఎలా ఊరుకుంటానయ్యా? ఆ ఏళ్ల పుస్తకాలన్నీ చూసి లెక్కపెట్టింది నేను. తప్పుంటే ఏ పేజీలోనో చెప్పాలి కదా. నువ్వు ఫుల్‌బ్యాక్‌వి, అవతలివాణ్ని గోలు కొట్టనివ్వకపోవడమే నీ పని. సున్నా నీకు సిగ్గేమీ కాదు.

ఇంకో మాట. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆసుపత్రిలో చివరి వారం క్లారీ నీ గురించే అడిగేవాడు. కారు చప్పుడైతే చాలు, "లిండ్ వచ్చాడేమో చూడు" అనేవాడు. "సముద్రం దాటి, పడవ దిగి రావాలి, ఆలస్యమవుతుంది" అని నేనే ఏదో చెప్పేదాన్ని. నేను నీకు ఫోన్ చేశాను. ఇర్మా తీసింది. నువ్వు రాలేదు. తప్పుపట్టడం లేదు, ఎందుకో చెప్పమంటున్నాను. ఇప్పుడు చెబితే నొచ్చుకునేవాడు కూడా లేడు.

అవిస్

*

టాస్మేనియా,
జూన్ 17

అవిస్ వదినా,

అడిగావు కనుక రాస్తున్నాను. ఇర్మాకు కూడా సగమే తెలుసు.

1958లో చివరి మ్యాచ్. ఉత్తరం గాలికి దుమ్ము లేచి అవతలి స్తంభాలు కనబడటం లేదు. అన్నయ్య అప్పటికి తొంభై తొమ్మిది కొట్టి ఉన్నాడు. మూడో భాగంలో నా చీలమండ బెణికింది. కుంటివాణ్ని వెనక ఉంచితే కొంప మునుగుతుందని కోచ్ నన్ను ముందుకు తోలాడు. "పోయి మీ అన్న పక్కన ఓ మూల నిలబడు, ఎవడికీ అడ్డు రాకు" అన్నాడు. పదకొండేళ్లలో అవతలివాళ్ల స్తంభాల కింద నిలబడటం అదే మొదటిసారి. అన్నయ్య నన్ను చూసి, "ఏంట్రా లిండ్, దారి తప్పావా?" అని నవ్వాడు.

ఆఖరి నిమిషాల్లో బంతి ఎత్తుగా వచ్చి గుంపు మీద పడింది. ఎవరి చేతికీ చిక్కకుండా నేలకు జారింది. అన్నయ్య కాలు విసిరాడు, తగల్లేదు. నేను ఆ నొప్పి కాలితోనే తన్నాను. నాకు ప్రాణం పోయినంత పనైంది, బంతి మాత్రం ఎత్తు స్తంభాల మధ్యనుంచి దొర్లుకుంటూ పోయింది. అంపైరు గోలేనని రెండు జెండాలూ ఊపాడు.

ఆ దుమ్ములో అది వాడి వందోదే అనుకుని ఊరంతా మైదానంలోకి ఉరికింది. అన్నయ్యను భుజాల మీదికి ఎత్తేశారు. నేను కింద పడి ఉన్నాను. పైనుంచి నావైపు చూశాడు, నోరు తెరిచాడు కూడా. ఆ గోలలో ఏమీ వినబడలేదు. సరే, కిందికి దింపాక చెబుతాడులే అనుకున్నాను. వాడి గోల్స్ ముందు నాది ఒక్కటి ఎంత? ఎవరు కొట్టారని అడిగితే నా తమ్ముడు అంటే చాలు, ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆ వంద నాకు అక్కర్లేదు, అవిస్. అడిగి ఉంటే ఇచ్చేసేవాణ్ని.

హాల్లో టీ దగ్గర నా పక్కకు వచ్చాడు. భుజం మీద గట్టిగా ఒకటి చరిచి, కళ్లలోకి చూడకుండా వెళ్లిపోయాడు. బుధవారం పేపర్లో వంద గోల్స్ వీరుడని వాడి బొమ్మ పడింది. నెల తిరక్కుండా నేను ఇక్కడికి వచ్చేశాను. మీ పెళ్లికి రాకపోవడానికి తోట పని వంక చెప్పాను.

1969లో మెల్‌బోర్న్ స్టేషన్లో ఎదురుపడ్డాడు. చెయ్యి చాపుకుంటూ వచ్చి, "ఒరేయ్, ఆ రోజు నువ్వు చేసింది నేనేం మరచిపోలేదురా. చాలా థాంక్స్" అన్నాడు. నా గోలు కాజేసి, పైగా థాంక్స్! వెటకారంగా నవ్వుతున్నాడనుకున్నాను. ఆ చెయ్యి ముట్టుకోకుండా రైలెక్కేశాను. అదే ఆఖరు.

ఇప్పుడు తెలిసిందిగా. వాడి వంద అలాగే ఉండనివ్వు. పోయినవాడి దగ్గర లాక్కునేంత చెడ్డవాణ్ని కాను. నా సున్నాను మాత్రం తీసెయ్.

లిండ్సే

*

గన్నబూల్,
ఆగస్టు 26

లిండ్సే,

రెండు నెలలు జవాబు లేకపోతే నొచ్చుకున్నానని అనుకుని ఉంటావు. కాదు. నీ ఉత్తరం రోజూ తీసి చదివాను. స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ కాగితం మడిచేసేదాన్ని.

క్లారీ నీ గోలు కాజేయలేదు. కాజేసింది నేను.

ఆ రోజు స్కోరు బల్ల దగ్గర ఉన్నది నేనే. దుమ్ము ఉన్నా చూశాను. అది నీ కాలు. జనం "క్లారీ! క్లారీ!" అని అరుస్తుంటే నా చెయ్యి క్లారీ అని రాసేసింది. కావాలని చేసింది అది కాదు. తర్వాతది కావాలనే చేశాను.

హాల్లో అందరూ కేకు చుట్టూ మూగి ఉన్నప్పుడు క్లారీ నా దగ్గరికి వచ్చాడు. "అవిస్, అది లిండ్‌ది. పుస్తకంలో మార్చు, నేను అందరికీ చెప్పేస్తా" అన్నాడు. ఇంకు ఆరిపోయింది. పేపరతను అప్పటికే పట్నానికి ఫోన్ చేసేశాడు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు, స్కోరు పుస్తకం నా చేతికిచ్చి రెండేళ్లు కూడా కాలేదు. "ఆడపిల్లకు పుస్తకం ఇస్తే ఇంతే" అనడానికి కమిటీలో సగంమంది కాచుకుని ఉన్నారు. లీగులో మొదటి వందనే తప్పు రాశానంటే ఆ వారమే లాగేసుకునేవారు. ఇదంతా నిజమే. క్లారీతో పెళ్లి కుదిరిన కొత్త, వంద కొట్టినవాడి పెళ్లాం అనిపించుకోవాలని నాకు ఉండటమూ నిజమే.

"లిండ్సేను అడిగాను. ఉండనిమ్మన్నాడు. మా అన్నకు నేనిచ్చే కానుక అన్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తితే సిగ్గుపడతాడు, నువ్వు మాత్రం ఎత్తకు" అని చెప్పాను. అంత అబద్ధం నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. తడుముకోలేదు కూడా.

క్లారీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేరుగా నీ దగ్గరికి వచ్చి భుజం చరిచాడు. నీ కళ్లలోకి చూస్తే అందరి ముందూ ఏడ్చేస్తానని భయపడ్డాడట.

నువ్వెందుకు వెళ్లిపోయావో, ఉత్తరాలకు జవాబెందుకు రాయవో ఆయనకు చచ్చేదాకా అర్థం కాలేదు. "అంత పెద్ద మనసున్నవాడు, నా మీద ఎందుకే కోపం?" అని అడిగేవాడు. స్టేషన్ నుంచి వచ్చిన రోజు అన్నం ముట్టలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. పిల్లలు చిన్నవాళ్లు, ఇల్లు బాగా నడుస్తోంది, ఆయన నా మొహం చూడడేమో అనిపించింది. ఏడాది గడిచేకొద్దీ ఇంకా కష్టమైంది. ఆసుపత్రిలో చెబుదామని రెండుసార్లు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. దుప్పటి సర్ది లేచి వచ్చేశాను.

మేలో నీకు రాసిన ఉత్తరం కూడా కపటమే. నీకు పట్టింపు ఉందో లేదో చూద్దామని రాశాను. నువ్వు నవ్వేసి ఫోటో పంపి ఉంటే నేను హాయిగా ఊపిరి పీల్చుకునేదాన్ని.

గురువారం కమిటీ మీటింగులో నిలబడి అంతా చెప్పాను. ప్రెసిడెంటు అల్ఫ్ కీటింగ్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "అవిస్, ఆ వంద మనకున్న ఒకే ఒక్క వంద. మనిషే పోయాడు, ఇప్పుడెందుకు తవ్వుతావు?" అన్నాడు. "అది ఆయన అడిగిన దిద్దుబాటు అల్ఫ్, ఇరవై ఆరేళ్లు ఆలస్యమైంది" అన్నాను. మాంసం కొట్టు దగ్గర ఇద్దరు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. స్కోరు పుస్తకం అప్పగించేశాను.

నిన్ను అడక్కుండానే ప్రింటరుకు పంపేశాను. అడిగితే నువ్వు వద్దంటావు, నేను అదే సాకుగా ఊరుకుంటాను. క్లారీ పెంగిలీ, తొంభై తొమ్మిది. లిండ్సే పెంగిలీ, ఒకటి.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు.

అవిస్

*

టాస్మేనియా,
సెప్టెంబరు 16

అవిస్,

నీ ఉత్తరం మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. చదివి తోటలోకి పోయాను. ఇర్మా చీకటిపడే వేళకు వెతుక్కుంటూ వచ్చింది. "ఏమైంది?" అంటే కాగితం చేతికిచ్చాను. ఆవిడ చెట్టుకు ఆనుకుని చదివి, "మరి ఇన్నాళ్లూ ఆయన నీకు ఉత్తరాలు రాశాడా?" అని అడిగింది. రాశాడు. ఏడెనిమిది వచ్చాయి. నేను విప్పకుండానే పొయ్యిలో వేసేవాణ్ని. ఆ మాట నీకు ఇప్పటిదాకా చెప్పలేదు.

నీ మీద కోపం వచ్చింది. ఇంకా ఉంది. నీకు రాయడానికి కూర్చుని నాలుగు కాగితాలు చింపేశాను. అందులో రాసిన మాటలు నువ్వు చదవకపోవడమే మంచిది. కానీ చింపిన ప్రతిసారీ ఆ స్టేషన్ దగ్గరే ఆగిపోయాను. "దేనికిరా థాంక్స్?" అని ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. రైలు కదలడానికి ఇంకా పది నిమిషాలుంది. నేను కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటించాను. వాడు ప్లాట్‌ఫాం మీద అలాగే నిలబడ్డాడు. ఆ పది నిమిషాలు నువ్వు చేసినవి కావు. అవి నావి.

పుస్తకం నిన్న పోస్టులో వచ్చింది, అల్ఫ్ పంపాడు. లోపల ఒక చీటీ పెట్టాడు: "వంద పోయింది, నీ ఒకటి మిగిలింది. సంతోషమేనా?" అని. వాడి కడుపుమంట నాకు అర్థమైంది. పేజీ తీసి చూశాను. తొంభై తొమ్మిది అంటే ఎవరూ ఆగి చూడరు. ఒకటి అంటే అసలే చూడరు. ఇద్దరిలో వింత ఏమీ మిగల్లేదు. ఒకే జట్టులో ఆడిన అన్నదమ్ములు, అంతే.

అక్టోబరు రెండో వారం వస్తున్నాను. ఇర్మా రాదు, నన్ను ఒంటరిగా వెళ్లమంది. అన్నయ్య సమాధి దగ్గరికి ముందు నేనొక్కణ్నే పోతాను, నువ్వు గేటు దగ్గర ఆగు. ఎంతసేపు పడుతుందో తెలియదు. తర్వాత నీ ఇంటికి వస్తాను. వాడు ఎలా బతికాడో, ఏం తినేవాడో, పిల్లలతో ఎలా ఉండేవాడో చెప్పాలి నువ్వు. ముప్పై ఏళ్ల వయసు దాటాక అన్నయ్య ఎలాంటివాడో నాకు తెలియదు. చెప్పడానికి నువ్వు తప్ప ఎవరున్నారు?

క్షమించానని రాద్దామని కలం పట్టుకున్నాను. రాయలేకపోయాను. అబద్ధం రాయడం ఇష్టంలేక మానేశాను.

ఆ గురువారం నా బస్సు నాలుగింటికి ఊళ్లోకి వస్తుందట. నువ్వు వస్తే బాగుంటుంది, వదినా.

లిండ్సే