ధనశ్రీ పేరున్న గుర్రం

విశాఖపట్నం,
బుధవారం.

శ్రీవారికి,

మధులత నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యగారు, నేను, వంటచేసే చిట్టమ్మ కులాసా. కులాసా అంటే తింటున్నాం, తిరుగుతున్నాం. బెంగళూరులో మీరూ, మన గుర్రమూ బాగున్నారనుకుంటాను. డ్రైవరు సన్యాసిరాజు మీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు, జవాబు కూడా అతని చేతికే ఇస్తున్నాను. ఫోన్ చేస్తే "ట్రైనర్ వచ్చాడు, ఉండు" అని పెట్టేస్తారు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతారని ఆశ.

మీరు అడిగినవి చెబుతాను. పోర్టులో మన క్రేన్లు సగం ఖాళీగా నిలబడ్డాయి. ఆటోనగర్ షెడ్డు బేరం కుదిరింది, ఆ డబ్బు మీరు రప్పించిన విదేశీ జాకీకి సరిపోతుందేమో. సింహాచలంలో ధనశ్రీ పేరు మీద అర్చన చేయించమన్నారు, చేయించాను. "అమ్మాయికి పరీక్షలా అమ్మా?" అని పూజారిగారు అడిగారు. గుర్రప్పందెమని ఎలా చెప్పను? తల ఊపి వచ్చేశాను.

జాకీ చొక్కాకి రంగు కలవాలి, పాప పట్టులంగా ముక్క కత్తిరించి పంపమన్నారు. పంపడం లేదు. కత్తెర పట్టుకుని బీరువా ముందు కూర్చున్నాను. చేయి రాలేదండీ.

మూడేళ్ల కిందట జ్వరం మన పిల్లను తీసుకుపోయినప్పుడు మీ కంట చుక్క నీరు రాలేదు. సంవత్సరీకమైనా కాకముందే వేలంలో ఆ ఆడగుర్రాన్ని కొని, పాప పేరు పెట్టారు. "డెర్బీ గెలిస్తే కప్పు మీద పేరు చెక్కుతారు మధూ, ఎన్నేళ్లయినా చెరగదు" అన్నారు. అబద్ధమెందుకు, నేనూ సంబరపడ్డాను. బీచిలో గుర్రమెక్కితే దిగనని పేచీపెట్టే పిల్ల కదా.

పోయిన నెల పందెం ఫోన్‌లో చూశాం. పక్కన చిట్టమ్మ కూర్చుంది. "ధనశ్రీ! ధనశ్రీ!" అని మైకులో అరుస్తుంటే ఒళ్లు పులకరించింది. చివర్లో మనది వెనకపడింది, జాకీ కొరడా తీశాడు. చిట్టమ్మ ఒక్కసారిగా లేచి నిలబడింది.

"ఏటమ్మా ఇది! పాపని అలా కొడతన్నాడేటి ఆడు? ఆపీమనండమ్మా, నాను సూడలేను!"

"గుర్రం చిట్టమ్మా, గుర్రం" అన్నాను. అన్నానే గానీ నేనూ ఫోన్ బోర్లించేశాను. తర్వాత రెండో స్థానం వచ్చిందని మీరు ఫోన్ చేసి, "ఇంకొంచెం కొట్టుంటే గెలిచేది" అన్నారు. నాకు మీ మీద ఎంత కోపం వచ్చిందో, ఎంత జాలేసిందో చెప్పలేను.

ఇంతసేపూ దాచిన మాట ఇప్పుడు రాస్తున్నాను. నిన్న గుర్రాల డాక్టరు నాకు ఫోన్ చేశారు. "ముందుకాలి వాపు పూర్తిగా తగ్గలేదమ్మా. సార్ పరిగెత్తించాల్సిందే అంటున్నారు. కాలు విరిగితే మేం చేయగలిగేది లేదు, అక్కడే ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీసేయాలి" అన్నారు. మీకు తెలిసి కూడా నాతో చెప్పలేదు.

"ధనశ్రీ దక్కలేదమ్మా" అని ఒక డాక్టరు నోట విన్నాను. ఇంకో డాక్టరు నోట వినలేను. గుర్రం ఇద్దరి పేరా ఉంది, నా సంతకమూ చెల్లుతుందన్నారు. ఆదివారం డెర్బీ నుంచి తప్పించమని సంతకం పెట్టి, రేసు క్లబ్బుకి ఫోన్‌లోనే పంపేశాను. ఈ ఉత్తరం చేరేలోపే మీకు తెలిసిపోయి ఉంటుంది, అక్కడ అందరి మీదా కేకలేసి ఉంటారు. వాళ్ల తప్పేం లేదు, అంతా నాదే.

దాన్ని అమ్మకండి. కాలు నయమయ్యాక ఎక్కడైనా పచ్చికలో వదిలేద్దాం, హాయిగా మేస్తుంది. మీరు మాత్రం ఇంటికి రండి. నన్ను తిట్టాలంటే ఇక్కడికొచ్చి తిట్టండి, పడతాను. మన పాప పోయాక మనిద్దరం ఒకచోట కూర్చుని ఒక్కసారి కూడా ఏడవలేదండీ.

ఇట్లు,
ధనశ్రీ వాళ్లమ్మ