తాతగారి మంగలికత్తికి తుప్పు పట్టకుండా నేను చేపట్టిన చర్యలు

సెప్టెంబర్ 4
ఏ కార్యమైనా నియమావళితో ఆరంభం కావాలి. నియమావళి లేని శ్రద్ధ వట్టి ఆత్రం. మా ఇస్తరవ్‌షాన్ పట్టణంలో కత్తులు సాగగొట్టే కొలుములకు కొదవ లేదు. ఆ కత్తులను తుప్పునుంచి కాపాడే విధివిధానాలు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఆ లోటును నేటినుంచి నేను భర్తీ చేస్తున్నాను.

సందర్భం: అక్టోబర్ 13న మా అబ్బాయి ఖుష్‌వక్త్ పెళ్లి. పెళ్లికొడుకును బంధువుల నడుమ కూర్చోబెట్టి, డప్పులు మోగుతుండగా గడ్డం గీయించే వేడుకలో మా నాన్నగారి కత్తినే వాడాలని వాడి కోరిక. తాత దగ్గరే పెరిగినవాడు; ఈ పెళ్లికి వాడు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

నాన్నగారు పోయాక ఇన్నేళ్లూ ఆ కత్తి మా ఆవిడ మస్తూరా పెట్టెలో, నూనె రాసిన ఉన్నిగుడ్డలో ఉంది. దాని సంరక్షణను నేను స్వీకరిస్తున్నట్టు ప్రకటించాను.

“నా దగ్గర దానికేం లోటు వచ్చిందండీ?” అంది.

అనుభవం నియమావళికి ప్రత్యామ్నాయం కాజాలదని వివరించాను.

సెప్టెంబర్ 5
తనిఖీ. కత్తి అద్దంలా ఉంది. అందులో నా ముఖం బాధ్యతాయుతంగా కనిపించింది. రోజూ తుడవడం, పూత వేయడం, నమోదు చేయడం: ఇదీ క్రమం. పూతకు వంటింటి జాడీలోని గొర్రెతోక కొవ్వును మంజూరు చేశాను. టీ తాగుతూ పర్యవేక్షించే వీలుండాలని కత్తిని టీనీళ్లు మరిగే సమోవార్ పక్క గూట్లోకి మార్చాను.

సెప్టెంబర్ 6
రెండు పూతలు! ఒకటి అదనం, స్వచ్ఛందం.

సెప్టెంబర్ 12
పూత వాయిదా. కారణాలు: ద్రాక్షకోత, బావమరిది రాక, బావమరిది వెళ్లకపోవడం. మొన్నటి అదనపు పూతను నేటి ఖాతాలో సర్దుబాటు చేశాను.

సెప్టెంబర్ 19
వియ్యంకుడి ఇంట ఆచారం ప్రకారం తెల్లవారుజామున పులావు విందు. ఇంటికి వచ్చేసరికి వేళ్లు ఎలాగూ జిడ్డుగా ఉన్నాయి. వాటిని కత్తికి తుడిచి, పూత పూర్తయినట్టు నమోదు చేశాను. వనరుల సద్వినియోగం.

సెప్టెంబర్ 28
కత్తిని తెరవలేదు. మాటిమాటికీ తెరిస్తే గాలి తగులుతుంది. ఇది విధాన నిర్ణయం, బద్ధకం అనుకోరాదు. కత్తి ఎలా ఉందని ఖుష్‌వక్త్ అడిగాడు. సంతృప్తికరంగా ఉందని తెలియజేశాను.

అక్టోబర్ 11
తెరిచాను. అంచు పొడవునా, వెన్ను మీదా గోధుమరంగు మచ్చలు. ఉదయం వాటిని నీడలుగా పరిగణించాను. మధ్యాహ్నం మరకలుగా. సాయంత్రం తుప్పు అని అంగీకరించక తప్పలేదు. బూడిదతో రుద్దాను. తుప్పు కొంత పోయింది. అంచు కూడా కొంత పోయింది.

మస్తూరా కత్తినీ జాడీనీ మార్చి మార్చి చూసింది.

“ఇది మాంసానికి పట్టించే ఉప్పు కొవ్వండీ. అది పూసి, సమోవార్ ఆవిరి తగిలేచోట పెట్టారు. ఊరగాయకైనా ఇంత శ్రద్ధ తీసుకోరు. వాడికి మీరే చెప్పండి.”

రేపు చెప్పాలని తీర్మానించాను.

అక్టోబర్ 12
చెప్పలేదు. పెళ్లిపనులు.

అక్టోబర్ 13
వాడు నడివాకిట్లో కూర్చున్నాడు. డప్పులు అందుకున్నాయి. మంగలి బరోత్ కత్తిని తెరిచి, గోటితో అంచు తడిమి, నా చెవి దగ్గర వంగాడు.

“అన్నగారూ, దీంతో గీస్తే గడ్డం ఉంటుంది, చెంప ఊడుతుంది.”

ఖుష్‌వక్త్ కత్తి అడిగి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. డప్పులవాళ్లు కొట్టడం ఆపేశారు.

“ముందే చెప్పాల్సింది నాన్నా. నేనే ఎవరిచేతైనా సానపట్టించేవాణ్ణి.”

నేను నమోదు పుస్తకం తెరిచాను. సెప్టెంబర్ 28 కింద ‘సంతృప్తికరం’ అని నా చేతిరాతే ఉంది.

కత్తిని బరోత్ చేతికి తిరిగిచ్చి వాడే అన్నాడు: “బరోత్ మామా, తాత కత్తి వెన్నుభాగం ఒక్కసారి నా చెంపకు ఆనించు. తర్వాత నీ కత్తితో కానివ్వు.”

బరోత్ అలాగే చేశాడు. చెంపమీద సన్నటి తుప్పుగీత పడింది. తుడవబోతే వాడు తల తిప్పుకున్నాడు. దాని మీదనే నురగ పూశారు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. నేను పొయ్యి పొగ కళ్లలో పడిందని చెప్పి అవతలికి వెళ్లాను. పొయ్యి ఇంకా వెలిగించలేదు.

అక్టోబర్ 14
కొత్త జంట బయల్దేరాక కత్తిని సానకు ఇచ్చాను. సంరక్షణ నేటినుంచి పునఃప్రారంభం. కొవ్వు రద్దు, సమోవార్ నిషేధం, క్రమం యథాతథం. నాకు కొంత వ్యవధి అవసరం కనుక చివరి నిబంధన ఒకటి చేరుస్తున్నాను: కత్తి సిద్ధంగా ఉందని నేను ధ్రువీకరించేంతవరకు, ఈ వంశంలో ఇకపై పుట్టే ఏ మగబిడ్డకూ గడ్డం మొలవరాదు. ఇది అంతిమం. అప్పీలు లేదు.