మా చర్చికి పైల్స్

హామిల్టన్,
20 ఫిబ్రవరి 2006

పాపకూర ఊళ్లోని తెలుగు విశ్వాసుల పెద్ద బ్రదర్ శేషయ్య గారికి,

నమస్కారం. ఇంగ్లీషు ఉత్తరాలు వస్తే మీరు విప్పకుండానే ప్రార్థన పెట్టెలో వేస్తున్నారట. మీకు ఆరాధనకు చర్చి ఇస్తున్న కమిటీ వారు మొరపెట్టుకుని, తెలుగువాణ్ణి కదా అని నన్ను రాయమన్నారు. విషయం కాస్త సున్నితమైనది. మీ చర్చికి వయసు మళ్లింది. పైల్స్ బాగా ముదిరాయి. కొన్నిచోట్ల తడి కూడా ఊరుతోంది. మార్చి నాలుగు, శనివారం వచ్చి, కింద దూరి, టార్చి వేసి చూస్తాను. అప్పటిదాకా పాటల్లో గంతులు వద్దు. మరీ చెడ్డగా ఉంటే గుడ్ ఫ్రైడే ఆరాధన కూడా ఆపాల్సి వస్తుంది.

భవదీయుడు,
డాక్టర్ రామలింగేశ్వరరావు

తా.క. దిగులు పడకండి. ఈ దేశంలో పాతవాటన్నిటికీ ఇదే బాధ.


పాపకూర,
27 ఫిబ్రవరి

డాక్టరు గారికి, ఎవరికీ జంకని సేవకుడు శేషయ్య వందనములు.

చర్చి అంటే గోడలు కాదయ్యా, విశ్వాసులు అని పదేళ్లుగా గొంతు చించుకుంటున్నాను. ఆ ముక్క నమ్మినవారు మీరొక్కరే దొరికారు. అదీ ఈ సంగతిలోనా! మాకు వయసు మళ్లిందా? మా అందరిలోకీ పెద్ద సుబ్బయ్య గారికి అరవై ఒకటి.

సరే, తేల్చుకుందామని ఆదివారం "బాధ ఉన్నవాళ్లు చెయ్యెత్తండి" అన్నాను. ఒక్క చెయ్యి లేవలేదు. "అందరూ కళ్లు మూసుకోండి" అన్నాను. ముప్పై ఎనిమిది మందిలో తొమ్మిది చేతులు లేచాయి. నాది అందులో కలపలేదు.

దేవుడి మందసాన్ని ఎత్తుకుపోయినందుకు ఫిలిష్తీయులకు సరిగ్గా అక్కడే గడ్డలు లేచాయి. నిజమే. మేమేం ఎత్తుకుపోయాం? తప్పంతా ఆ బల్లలది! బండలాంటి చెక్క, దిండు లేదు, నా ప్రసంగమేమో రెండు గంటలు. శనివారం టార్చి పట్టుకుని వస్తారా? మాలో ఆడవాళ్లున్నారు! గుమ్మానికి అడ్డంగా నేను పడుకుంటాను, రండి చూద్దాం. గుడ్ ఫ్రైడేకి బోటనీ డౌన్స్ నుంచి, మీ హామిల్టన్ నుంచి కూడా జనం వస్తున్నారు. సిలువ దగ్గరికి వచ్చేవాణ్ణి రోగం పేరు చెప్పి ఆపమని ఏ ప్రవక్త చెప్పాడండీ?

సత్యం కోసం నిలబడే,
శేషయ్య

తా.క. ఈ బాధకు కందను మించింది లేదని మా ఆవిడ సుశీలమ్మ, మీ ఊరు వచ్చేవాళ్ల కారులో డబ్బా నిండా కంద పులుసు పంపుతోంది. మీ రోగులకు పంచండి.


హామిల్టన్,
5 మార్చి

శేషయ్య గారూ,

ముందు క్షమించండి. నేను మనుషుల డాక్టరును కాను, కొయ్యల డాక్టరును. పాత చెక్క కట్టడాల మీద పీహెచ్‌డీ చేశాను. పైల్స్ అంటే ఇక్కడివాళ్ల మాటలో నేలకింద నుంచి కట్టడాన్ని మోసే గుంజలు. మీ చర్చి కింద అరవై నాలుగున్నాయి. నిన్న మీరు గుమ్మంలో అడ్డంగా పడుకుని గురక పెడుతుంటే లేపడం ఇష్టంలేక, పక్కనుంచి దూరాను.

ఎంత చక్కటి చర్చి అండీ అది! విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో రాతితో కట్టే గోథిక్ చర్చిని ఇక్కడి వడ్రంగులు అచ్చంగా చెక్కతో కట్టేశారు. కోసు తేలిన కిటికీలు, నిలువు చెక్కల గోడలు, లోపల తలెత్తి చూస్తే తిరగేసిన పడవలాంటి కప్పు. పైన వంక పెట్టడానికి లేదు. చేటంతా కిందే. నేలకింద గాలి ఆడటానికి గోడల అడుగున కన్నాలు వదిలారు. దక్షిణం వైపు వాటినిండా ఎవరో చెప్పులు కుక్కారు. ఇరవై మూడు జతలు! గాలి లేక గుంజలు కుళ్లాయి. ఈ పని ఎవరిదో తెలిస్తే వాళ్లకిక చర్చి ఇచ్చేది లేదని కమిటీ అంటోంది.

మీ,
రామలింగేశ్వరరావు

తా.క. ఒక జత అడుగున తెలుగులో ‘బ్ర. శే. దొంగిలకూడదు’ అని ఉంది. అక్కడ తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏం చెప్పమంటారు?


పాపకూర,
9 మార్చి

రామలింగేశ్వరరావు గారికి, తల వంచుకుని శేషయ్య రాస్తున్నది.

మండే పొద దగ్గర మోషే చెప్పులు విడిచాడు. మేమూ విడిచాం. విడిచి ఎక్కడ పెట్టాలి? ఈ ఊళ్లో వాన చెప్పి రాదు. ఆ గోథిక్ పెద్దమనుషులు దేవుడి కోసం ఆకాశం దాకా కోసు లేపారు గానీ, చెప్పుల కోసం మూరెడు అరుగు వేయలేదు! "ఆ కన్నాల్లో పెట్టుకోండర్రా, తడవవు" అన్నది నేనే. లోపలికి జారినవి మళ్లీ చేతికి అందలేదు.

మీరు దాస్తే దాగుతుంది. కానీ బైబిల్లో ఆకాను కూడా దోచిన సొమ్ము డేరా కిందే దాచాడు. ఏమైంది? కింద దాచింది పైనున్నవాళ్లందరినీ కూల్చింది. గుడ్ ఫ్రైడే పోతే పోయింది, పార్కులో గొడుగులు వేసుకుని చేసుకుంటాం. ఈ ఉత్తరాన్ని ఇంగ్లీషులో కమిటీ ముందు చదవండి. ఎక్కడా మెత్తబరచకండి.

దోషి,
శేషయ్య

తా.క. ఈ ముక్క మాత్రం చదవకండి. ఆ జత దొంగ ఎత్తుకెళ్లాడని సుశీలమ్మతో చెప్పాను. ఆ దొంగ మారుమనస్సు కోసం ఆమె మూడేళ్లుగా ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటోంది.


హామిల్టన్,
20 మార్చి

బ్రదర్,

చదివాను. మెత్తబరచలేదు. అప్పుడు ఎనభై రెండేళ్ల సెక్రటరీ ఆంటీ గొంతు సవరించుకుని, "అవతలి గోడ కింద చూశావా, అబ్బాయ్?" అంది. చూడలేదు. ఆ వైపు కన్నాలు మట్టితో పూడిపోయాయనుకున్నాను. అందరం వెళ్లి తవ్వాం. మట్టి కాదు, రబ్బరు గంబూట్లు! పాలు పితికి నేరుగా ఆరాధనకు వచ్చే రైతులు, బురద బూట్లు విప్పి అక్కడే కుక్కేవారట.

ఆవిడ ఒక జత తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. "మా నాన్నవి. దొంగ ఎత్తుకెళ్లాడని అమ్మతో చెప్పాడు" అంది. మీ తా.క. నేను చదవలేదు సుమా!

ఆ తర్వాత ఎవరికీ ఎవర్నీ తిట్టే నోరు లేకపోయింది. గుంజలు సగం సగంగా మారుస్తాం. గుడ్ ఫ్రైడే ఆరాధన మీదే. గంతులు మాత్రం ఈస్టరు దాకా వద్దు. వాకిట్లో చెప్పుల అర కట్టిస్తున్నారు, కిటికీలకు తగ్గట్టు దానికీ కోసు పెట్టి.

మీవాడు,
రామలింగేశ్వరరావు

తా.క. కంద పులుసు రోగులకు పంచమన్నారు. పంచలేదు. మూడు రోజుల్లో గుణం కనిపించింది. పదో చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. పదకొండోది నాది. డబ్బా ఖాళీగా తిప్పి పంపుతున్నాను. సుశీలమ్మ గారికి అర్థమవుతుంది.