చూద్దాం అన్నాను

వదినగారికి నమస్కారాలు.

ఆ చివరి రోజు సంగతి మీరు విమానాశ్రయంలో అడిగారు. ఇప్పుడు రాస్తున్నాను.

పొద్దున మీ చెల్లెలు తెలివిలోనే ఉంది. మంచం తలవైపు ఎత్తించుకుంది. సంచిలోంచి నమూనా గొడుగు తీయమంది. పిడి మీద బొటనవేలు ఆనడానికి తను చెక్కించిన గుంట ఉంది కదా, అందులో వేలు పెట్టి చూసుకుంది. నర్సు చేత కూడా పెట్టించింది. "ముసలి చేతుల్లోంచి కూడా జారదు. దీన్ని ఆ గొడుగుల ఊళ్ళోనే చేయించాలి. నేను లేకపోయినా మీరు వెళ్ళండి" అంది. "చూద్దాం" అన్నాను. నవ్వింది. "అంటే వెళ్ళరని అర్థం" అని నర్సుకు చెప్పింది. మధ్యాహ్నం రెండు చెంచాల నీళ్ళు తాగి పడుకుంది. సాయంత్రం వాన మొదలయ్యేసరికి ఊపిరి లేదు.

గొడుగు నా చేతిలోనే ఉంది. ఇంటికి తడిసి వచ్చాను.

ఇప్పుడు దేశం దాటి ఆ ఊళ్ళోనే ఉన్నాను. గది కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. మంచం మీద రెండు తలగడలు. ఒకటి తీసి బీరువాలో పెడితే, శుభ్రం చేసే ఆవిడ మళ్ళీ తెచ్చి పక్కన సర్దుతోంది. మన ఫోను మెసేజీలు ఇక్కడ పోవు. మెయిలొకటే పోతోంది.

మన షాపులో కుట్టే పాత రకం గొడుగులు ఎవరూ కొనడం లేదు. ఈ పిడి కుదిరితే షాపు నిలుస్తుంది, లేకపోతే మూతే. నేను ఇంట్లో కూర్చుని లెక్కలు రాసుకున్నవాణ్ణి. మాట్లాడేది ఎప్పుడూ తనే. ఏం చెయ్యాలో రాయండి.

ఇట్లు,
మీ మరిది

తా.క. కొలతల కోసం ముందే పంపిన ఇంకో పిడిని ఫ్యాక్టరీవాళ్ళు ఇవాళ నా చేతికి తిరిగిచ్చారు. గుంట పూడ్చేశారు. దారిలో సొట్టపడిందనుకున్నారట. బాగుచేసినందుకు డబ్బులేమీ వద్దన్నారు.

•

మరిదికి వదిన దీవెనలు.

చదివి కాసేపు ఏడ్చాను. మొహం కడుక్కుని వచ్చి ఇది రాస్తున్నాను. కొనుగోలు శాఖలో జుట్టు నెరిసేదాకా చేసిన మనిషిని, నా మాట విను.

హోటలు పేరు వాళ్ళ లిపిలో ఉన్న కార్డు జేబులో పెట్టుకో. లేకపోతే టాక్సీవాడు నిన్ను ఊరంతా తిప్పి ఎక్కినచోటే దింపుతాడు. కొంతమందికి బోర్డు తప్ప ఫ్యాక్టరీ ఉండదు, ఎక్కడో కొని మనకు అంటగడతారు. అందుకని లోపలికి వెళ్ళి మిషన్లు తిరుగుతున్నాయో లేదో చూడు. తిరుగు ప్రయాణం తేదీ మాత్రం చచ్చినా చెప్పకు. తెలిస్తే ఆ రోజుదాకా నానబెట్టి, నువ్వు పెట్టె సర్దుకునే వేళకి కాగితం ముందు పెడతారు. ఎప్పుడు వెళ్తున్నారని అడిగితే ఆ ఊళ్ళోనే ఇల్లు కట్టుకునేలా మొహం పెట్టు. నమూనా కుదిరాక రెండు పిడుల మీద చెరగని సిరాతో సంతకం చేసి, ఒకటి వాళ్ళకిచ్చి ఒకటి నువ్వు తెచ్చుకో. రేపు సరుకు తేడా వస్తే ఆ పిడే నీ సాక్షి. భోజనం బల్ల దగ్గర దేనికీ ఒప్పుకోకు.

అన్నిటికంటే ముఖ్యం, ఏది అడిగినా "చూద్దాం" అను. ఆ మాటలో నిన్ను కొట్టినవాడు లేడు. అమ్మాయి నచ్చిందా బాబూ అని మా నాన్న అడిగితే కూడా "చూద్దాం" అన్నావు. ఆయన ఆ సాయంత్రమే ఇంకో సంబంధానికి బయల్దేరాడు. చెల్లి అడ్డం పడబట్టి ఆగాడు గానీ!

షాపులో గుడ్డ కత్తిరించే పెద్దమ్మది రోజూ ఒకటే ప్రశ్న: "సారు వచ్చాక షాపు నడుపుతారా అమ్మా?" ఏం చెప్పను?

ఇట్లు,
వదిన

తా.క. నీ పెట్టె అడుగున చెల్లి శాలువా పెట్టాను. కప్పుకోవడానికి. మొహానికి అడ్డం పెట్టుకోవడానికి కాదు.

•

వదినగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చేశాను. ఫలితం రాస్తున్నాను.

నేను తెలుగులో అంటే ఫోను వాళ్ళ భాషలో చెబుతుంది. ఫ్యాక్టరీ యజమాని ధర చెప్పాడు. "చూద్దాం" అన్నాను. ఫోను ఏదో అంది. ఆయన లేచి నా చెయ్యి పట్టుకుని ఊచలు వంచే గదికి తీసుకెళ్ళాడు. అక్కడ ముందస్తు ఎంతిస్తారని అడిగాడు. "చూద్దాం" అన్నాను. గోదాము తెరిపించాడు. భోజనంలో ఇంకొంచెం వడ్డించమంటారా అన్నారు. "చూద్దాం" అన్నాను. వంటగదికి తీసుకెళ్ళి గిన్నెల మూతలన్నీ ఎత్తి చూపించారు. తర్వాత కృత్రిమ వాన కురిపించి గొడుగుల్ని పరీక్షించే గదిలో నిలబెట్టారు. అక్కడ ఏమడిగారో నీళ్ళ చప్పుడులో వినపడలేదు. అలవాటుకొద్దీ ఆ మాటే అన్నాను. నిలువునా తడిశాను.

ఇంత శ్రద్ధగల కొనుగోలుదారును చూడలేదని యజమాని తన మనుషులకు చెప్పుకుంటున్నాడట.

కొత్తగా చేసిన పిడిలోనూ గుంట పూడ్చారు. మొహం మీద వద్దనలేక "చూద్దాం" అన్నాను. పూడ్చే పద్ధతి మొదటినుంచి చివరిదాకా చేసి చూపించారు. చాలా ఓపిగ్గా పూడుస్తున్నారు. నా వల్ల ఇది అయ్యేలా లేదు. తను ఉంటే వాళ్ళ వేళ్ళు పట్టుకుని గుంటలో పెట్టేది. నాకు పరాయి మనిషి చెయ్యి పట్టుకోవడం చేతకాదు.

ఒకటే ఊరట. ఎలా ఉన్నావని ఇక్కడ ఎవరూ అడగరు.

షాపు సంగతి చూద్దామని పెద్దమ్మకు చెప్పండి.

ఇట్లు,
మీ మరిది

తా.క. ఇవాళ గేటు కాపలాదారు నన్ను చూసి చెయ్యెత్తి "చూద్దాం!" అన్నాడు. లోపలి నుంచి వచ్చే ఇద్దరు కూడా అన్నారు. అది నా పేరనుకుంటున్నారో, మన పలకరింపనుకుంటున్నారో తెలియలేదు. నేనూ అన్నాను.

•

మరిదికి వదిన దీవెనలు.

చూద్దామన్నావు. అర్థమైంది. నాకు ఆ మాట ఇవాళ కొత్త కాదు.

పెద్దమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కత్తెర బల్ల మీద పెట్టేసింది. "సారు చూద్దామన్నారా? అయితే అయిపోయిందమ్మా. అమ్మగారు ఎన్నోసార్లు చెప్పారు, మా ఆయన చూద్దామంటే తలుపు మూసి గడియ పెట్టినట్టేనని" అంది. మిగతావాళ్ళు పరదాలు కుట్టే దుకాణంలో పని అడిగొచ్చారు. ఇంటి యజమాని టేపు పట్టుకుని వచ్చి, నేను ఉండగానే షాపు గది కొలిచాడు. తాళాల కొట్టువాడికి ఇస్తాడట. "ఉండవయ్యా, మనిషి పోయి పట్టుమని ఏడాది కాలేదు" అన్నాను. "అద్దెకు ఆ తేడా తెలియదమ్మా" అన్నాడు.

కుట్టుమిషన్లు అమ్మబడును అని బోర్డు పెట్టించాను. నాకు కోపం లేదు. గుండె పగిలినవాణ్ణి ఎంతని తొయ్యను? అక్కడ చూసింది చాలు, వచ్చెయ్యి.

ఇట్లు,
వదిన

తా.క. బోర్డు చూసి ఒకాయన లోపలికి వచ్చాడు. మిషన్లు అక్కర్లేదట. అక్షరాలు ముద్దుగా ఉన్నాయి, ఎవరు రాశారని అడిగి వెళ్ళాడు.

•

వదినగారికి,

బోర్డు తీసెయ్యండి. ముందు ఆ పని చేసి, తర్వాత మిగతాది చదవండి.

మీ ఉత్తరం చదివి, ఇన్నాళ్ళూ ఫోను ఏం చెబుతోందో తిరిగి తెలుగులో వినిపించమన్నాను. "రండి, ఇద్దరం కలిసి చూద్దాం" అని చెబుతోంది. అక్కడ మీకు వద్దని వినపడింది, ఇక్కడ వీళ్ళకు కావాలని వినపడింది. నేనన్నది ఒకటే మాట.

ఇవాళ యజమాని వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. వాళ్ళమ్మ పెద్దావిడ. వేళ్ళు వంకర తిరిగిపోయాయి. నాతోపాటు ఫ్యాక్టరీ చూడాలని తనూ బయల్దేరింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి వాన. నా చేతిలో మీ చెల్లెలి గొడుగు ఉంది. తెరిచి ఇచ్చాను. ఆవిడ బొటనవేలు తడుముకోకుండా గుంటలో పడింది. ఆగిపోయింది. పిడిని దగ్గరగా చూసుకుంది. కొడుకును గట్టిగా ఒక మాట అంది. ఫోను తెలుగులో చెప్పింది: "మూర్ఖుడా, ఇది దెబ్బ కాదు. ఇది నా వేలు."

ఆయన తల దించుకున్నాడు. దారి పొడవునా ఫ్యాక్టరీకి ఫోన్లు చేశాడు. మేం చేరేసరికి మైనం సిద్ధంగా ఉంది. పెద్దావిడ చేతిలోంచి తీసుకోకుండానే గుంటకు అచ్చు తీశారు. తర్వాత కూడా ఆవిడ గొడుగు తిరిగివ్వలేదు. మీ చెల్లెలు చివరిగా పట్టుకున్న గొడుగు. అడుగుదామనుకున్నాను. ఆవిడ అప్పటికే దాన్ని వేసుకుని వాకిట్లోకి దిగి, తడిగా ఉన్న నేల మీద ఒక్కతే నడుస్తోంది. అడగలేదు.

సాయంత్రం కొత్త నమూనా తెచ్చి నా ముందు పెట్టారు. గుంట సరిగ్గా కుదిరింది. గొడుగు చుట్టి కట్టే పట్టీ మీద తెల్లటి అక్షరాలు నేసి ఉన్నాయి. తెలుగు అక్షరాలు. ఒత్తు కూడా తప్పు పోలేదు.

చూద్దాం.

పట్టీ మీద ఏ పేరు నెయ్యాలని మొదటి రోజుల్లోనే అడిగారట. నేను ఏమని ఉంటానో మీకు తెలుసు. ఫోనులో కనిపించిన అక్షరాలు చూసుకుని నేశారు. ఈ ఒక్కదానికే కాదు, సరుకు మొత్తానికి సరిపడా పట్టీలు నేసేశారు.

నవ్వొచ్చింది. ఆస్పత్రి తర్వాత ఇదే మొదటిసారి. తను ఉంటే ఎలా నవ్వేదో గుర్తొచ్చింది. తర్వాత అది నవ్వులా లేదు. బల్ల మీద ఉన్న ఫోను దాన్ని కూడా వాళ్ళ భాషలోకి మార్చబోయి, "అర్థం కాలేదు, దయచేసి మళ్ళీ చెప్పండి" అంది. యజమాని ఫోను కట్టేశాడు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నేను విడిపించుకోలేదు.

పట్టీ మార్చమంటారా అని వెళ్ళేముందు అడిగాడు. రేపు చెబుతానన్నాను. గేటు తెరవగానే వెళ్ళి రెండు పిడుల మీద సంతకం చేస్తాను. మార్చొద్దంటాను. వాళ్ళ భాషలో "వద్దు" ఎలా అనాలో కాపలాదారు దగ్గర నేర్చుకున్నాను.

షాపు నడుపుతాను. పెద్దమ్మను కత్తెర చేతిలోకి తీసుకోమనండి. ఇంటి యజమానితో మీరే మాట్లాడండి, నేనైతే మళ్ళీ ఆ మాటే అంటాను.

ఇట్లు,
మీ మరిది

తా.క. వాన ఇంకా తగ్గలేదు. రేపు కూడా ఉంటుందంటున్నారు. పొద్దున కొత్త గొడుగు వేసుకుని వెళ్తాను.