చేసినోడే ఎక్కాల

మే 26, సోమవారం
అన్నంలో డీజిల్. పప్పులో డీజిల్. మంచినీళ్ల చెంబుకీ అదే కంపు. మా ఆవిడ రూతు వంటకు వంక పెట్టలేను, కంపు నా చేతిది. సబ్బు, శీకాయ, నిమ్మచెక్క, చివరికి బట్టల సోడా... ఏం వేసి రుద్దినా గోళ్ల కింద నలుపు పోదు. ఇవాళ చెంచాతో తిన్నాను. "వచ్చినాడమ్మా దొర" అని నవ్వింది రూతు.

రొయ్యల గుంటల మీద పని చేసినన్నాళ్లూ చచ్చిన రొయ్య కంపుకి ముక్కుకు గుడ్డ కట్టుకుని తిరిగాను. తెగులొచ్చి ఓనరు గుంటలు ఎండగట్టేసిన రోజు, పని పోయిందన్న దిగులు కంటే కంపు పోయిందన్న సంతోషమే ఎక్కువ. దేవుడు విన్నట్టున్నాడు. పెనం మీద నుంచి తీసి పొయ్యిలో, ఈ లారీల షెడ్డులో వేశాడు.

మే 28
షెడ్డులో టీ గ్లాసులు కడిగేది నేనే. పెళ్లయినవాణ్ని, మీసాలున్నవాణ్ని. గ్లాసు అంచున గ్రీజు వేలిముద్రలు. అందరూ అందులోనే తాగుతారు. నేను తాగను. నాకు 'ముక్కోడు' అని పేరు పెట్టారు. పెట్టుకోనీ.

మే 30, శుక్రవారం
ఇవాళ లారీ కింద పడుకుని ఆలోచించాను, ఎందుకు ఈ రోత అని.

మా షెడ్డు మాల్యాద్రి మేస్త్రి దగ్గర పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు. పని వచ్చిందనిపించిన రోజు ఒక చక్రం మొత్తం ఒక్కడికే అప్పజెప్తాడు. విప్పేదీ వాడే, బ్రేకులు చేసేదీ వాడే, బిగించేదీ వాడే. తర్వాత బండి ట్రయల్‌కి పోతే డ్రైవర్ పక్కన కూర్చోవాల్సిందీ వాడే. "చేసినోడే ఎక్కాల." మేస్త్రికి వాళ్ల గురువు చెప్పిన మాటంట. తిరిగొచ్చి డ్రైవర్ బాగుందంటే చాలు, ఆ పూట నుంచి వాడు మెకానిక్. హైవే మీద ఏ షెడ్డుకి పోయినా పని ఇస్తారు.

నాకింకా ఆ చక్రం రాలేదు. అయినా ఆ మాట నచ్చింది. బ్రేకు పడకపోతే ముందు పోయేది చేసినవాడి ప్రాణమే కదా. ఇంత మురికిలోనూ శుభ్రంగా ఉన్నది అదొక్కటే.

జూన్ 1, ఆదివారం
బల్ల ఆదివారం, గుళ్లో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. రొట్టె ముక్క ఇవ్వబోతూ పాస్టర్ గారు నా వేళ్లు చూసి ఆగారు. ఒక్క క్షణమే. తర్వాత ఇచ్చారు. ప్రభువు శరీరం కూడా డీజిల్ వాసనే. కళ్లు మూసుకుని ప్రార్థన చేయాల్సింది పోయి వేళ్లు వాసన చూసుకుంటున్నాను. రూతు మోచేత్తో పొడిచింది.

జూన్ 5
సముద్రంలో చేపల వేట నిషేధం ఇంకో పది రోజుల్లో అయిపోతుంది. రెండు నెలలుగా మూలన పడున్న చేపల బండ్లన్నీ ఒక్కసారిగా షెడ్డు మీద పడ్డాయి. ఉప్పుకి తుప్పు పట్టి, బ్రేకులు బిగుసుకుపోయి. ఐసు కరిగిన నీళ్లు పెట్టె సందుల్లోంచి కారి కారి, వెనక ఇరుసు మీద పొలుసులు పొరలు పొరలుగా అట్ట కట్టాయి. ఆ పొరల మధ్య పురుగులు.

కింద దూరి నట్టు తిప్పుతుంటే పైనుంచి ఏదో చుక్క నోట్లో పడింది.

షెడ్డు వెనక్కి పోయి కక్కుకున్నాను. మేస్త్రి కడుపు పట్టుకుని నవ్వాడు. "రోట్లో తల పెట్టినాక రోకటి పోటుకి భయపడితే ఎట్టరా?"

సాయంత్రం మాత్రం మెచ్చుకున్నాడు. ఓ బండి పక్క నుంచి పోతూ, "మేస్త్రీ, ఈ చక్రంలో గ్రీజు కాలతాండాది" అన్నాను. ఎవరూ నమ్మలేదు. విప్పితే నిజమే. గ్రీజుని ఆపే సీలు చిరిగి, బ్రేకుల్లోకి పాకింది. "నీ ముక్కు బంగారం రా" అన్నాడు. ఇంటికొచ్చి రూతుకి రెండుసార్లు చెప్పాను.

జూన్ 9, సోమవారం
షెడ్డు వెనక మంట. మెకానిక్ పెంచలయ్య, డ్రమ్ముకి ఒరుసుకుని చక్రాన్ని ఆపే బ్రేకు లైనర్లు రేకు మీద పెట్టి, పెట్రోలు పోసి అంటించాడు. గ్రీజు పట్టినవి. నల్లటి పొగ, గొంతులో గరగర.

"పారేస్తాండావా అన్నా?"
"పారేసేదేంది. కాల్చి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లా ఏసేదే."

ఇక్కడ ఇదే పద్ధతంట. పైపైన ఆరిపోతుంది, చూడ్డానికి కొత్తదానిలా గరుగ్గా ఉంటుంది. లోపల గ్రీజు లోపలే. లోడుతో పోయి పోయి డ్రమ్ము వేడెక్కితే మళ్లీ పైకి ఊరుతుంది. అప్పుడు బ్రేకు తొక్కితే సబ్బు మీద కాలేసినట్టే.

మరి ట్రయల్‌లో తెలియదా అని అడిగాను. ఖాళీ బండి, రైలు గేటు దాకా పోయి రావడమేగా... "ఏం తెలస్తాది?" పెంచలయ్య పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

ఛీ. చేసినోడే ఎక్కాల అంటే ఇదా! బ్రేకు జారే వేళకి బండి ఎక్కడో సూళ్లూరుపేట దాటి ఉంటుంది. చేసినవాడు ఇంట్లో కూర్చుని అన్నం తింటుంటాడు. చెంచాతో.

జూన్ 11
చక్రం వచ్చింది! శుక్రవారం నుంచి నాదే. అదీ డ్రైవర్ మస్తానయ్యన్న నడిపే చేపల బండి, ఎడమ వైపు వెనక చక్రం. గుంటలు ఎండిపోయి ఊరికే కూర్చున్నప్పుడు నన్ను మేస్త్రి దగ్గరికి తీసుకొచ్చి "మా తమ్ముడే" అని చెప్పిన మనిషి. ఆయన బండితోనే నేను మెకానిక్ అవుతున్నాను. రూతు సావిడాయి చేపల పులుసు పెట్టింది. చేత్తోనే తిన్నాను, కంపు గురించి ఆలోచించనేలేదు.

జూన్ 13, శుక్రవారం
విప్పాను. డ్రమ్ము ఊడదీయగానే వాసన కొట్టింది. చూడకముందే తెలిసిపోయింది. లైనర్లు గ్రీజులో నానిపోయి ఉన్నాయి.

"కొత్తవి ఏయాల మేస్త్రీ."
"సీలు కొత్తది ఏస్తాండాం గదా. అయ్యి కాల్చు."

నేను కదలకపోతే ఆయనే కాల్చాడు. రుద్దాడు. ఆరాక నా ముక్కు దగ్గర పెట్టాడు. "చూడు. ఇంకా ఉండాదా?"
"ఉండాది."
"ఉండనీలే."

నా బంగారం ముక్కుతో చేయించుకున్న పని అది. గ్రీజు కంటే, పురుగుల కంటే, నోట్లో పడ్డ ఆ చుక్క కంటే ఆ 'ఉండనీలే' అన్న మాటే ఎక్కువ రోతగా ఉంది. రేపు బిగించకపోతే పెంచలయ్య బిగిస్తాడంట. నేను మళ్లీ గ్లాసుల దగ్గరికి. అది కూడా ఉంచితే.

జూన్ 14, శనివారం
మస్తానయ్యన్నతో చెప్పేశాను. టీ కొట్టు వెనక, ఎవరూ లేకుండా చూసి. అన్నా, లైనర్లు కాల్చినయ్యి...

ఊది ఊది టీ తాగాడు.

"తెలుసబ్బయ్యా. కాల్చమన్నది నేనే."

కొత్తవంటే బండి ఓనరు చిరాకు పడతాడంట. బండి ఆగితే ఇంకో డ్రైవర్ని చూసుకుంటాడంట. రేపు పడవలు పోతాయి, సోమవారం మద్రాసుకి తొలి లోడు. చేప ఆగదు. "నిరుడు కూడా ఇట్టాంటియ్యే. ఏమైంది?"

మేస్త్రిని తిట్టుకోవడం తేలిక. ఈయన్ని ఏమని తిట్టను? ఎవరి చావు వాళ్లే కాల్చుకుని, రుద్దుకుని, బిగించుకుని తిరిగే మనుషులు. నాకు అందరి మీదా కోపం వచ్చింది.

పోతూ పోతూ భుజం తట్టాడు. "నువ్వు ఎక్కుతావు గదా ట్రయల్‌కి. చేసినోడు పక్కన కూర్చుంటే నాకదో ధైర్యం రా." నిజంగానే అంటున్నాడు. నమ్ముతున్నాడు ఆ మాటని.

జూన్ 15, ఆదివారం
గుడికి పోలేదు. రూతు ఒక్కతే పోయింది. సీజను కదా, షెడ్డు తెరిచారు.

చక్రం ఇంకా ఊడే ఉంది. లైనర్లు జాకీ పక్కన. మేస్త్రి రెండుసార్లు కేకేశాడు. మస్తానయ్యన్న క్యాబిన్‌లోంచి దిగి వచ్చాడు. "ఏమబ్బయ్యా, బిగిస్తావా?"

"బిగిస్తా. ట్రయల్‌కి మాత్రం రాను."

మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"రేపు లోడుతో వస్తా. మద్రాసు దాకా. చేసినోడే ఎక్కాల గదా... ఇయ్యే లైనర్లతో, నీ పక్కనే కూర్చుంటా. సరేనా అన్నా?"

వీరత్వం కాదు. నోట్లోంచి వచ్చేసింది, అంతే. సరే అంటే ఏం చేసేవాడినో నాకే తెలియదు.

మస్తానయ్యన్న సరే అనలేదు. లైనర్ల వైపు చూశాడు. నా వైపు చూశాడు. "రూతమ్మ..." అని ఆగిపోయాడు. నిన్న తన ప్రాణం గురించి టీ తాగుతూ మాట్లాడిన మనిషి ముఖం ఇవాళ పాలిపోయింది.

"ఉండు. ఓనరుకి ఫోన్ చేస్తా" అని రోడ్డు మీదికి పోయాడు.

మేస్త్రి నాతో మాట్లాడటం లేదు. పెంచలయ్య పానా పట్టుకుని చక్రం దగ్గర కూర్చున్నాడు, ఎవరు చెప్తే వాళ్లది వినడానికి. నేను క్యాబిన్‌లోకి తొంగి చూశాను. పక్క సీటు తుడిచి ఉంది. దాని మీద ఉతికిన తువ్వాలు పరిచి ఉంది. ట్రయల్‌కి నేను ఎక్కుతానని, నాకు రోతని తెలిసి, పొద్దున్నే పరిచినట్టున్నాడు.

షెడ్డు వెనక కూర్చుని ఇది రాస్తున్నాను. ఇక్కడి నుంచి కనిపిస్తున్నాడు, ఎండలో, రోడ్డు పక్కన. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. మాట్లాడుతున్నది ఓనరే అనుకుంటా, ఈయన పెదాలు మాత్రం కదలడం లేదు.