సోమవారం హాల్లో చప్పుడు

న్యూయార్క్,
1951 మార్చి.

అమ్మకి, నీ చేతిని ముద్దుపెట్టుకుని నీ కొడుకు లోయిజ్ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నా ఒళ్లు బాగుంది, నోరు ఇంకా బాగుంది. క్లీవ్‌లాండులో నువ్వూ, నీ కోళ్లూ, కింది వాటాలోని ఆ గయ్యాళి ముసలమ్మా కులాసాయేనని తలుస్తాను.

నువ్వు పంపిన పొటిట్సా తీపిరొట్టె అందింది. లోపల అక్రోట్లు తగ్గాయేమని అడిగితే తంతావు కాబట్టి అడగను. నా దగ్గు తగ్గింది. నా పెళ్లి మాట మళ్లీ ఎత్తావు. ఈ వయసులో, స్టేజీ మీద తెరలు లాగేవాణ్ని చేసుకోవాలంటే ఆవిడకి ముందే మతి పోయి ఉండాలి.

ఇక మన మిల్కా డాన్సాడిన కొత్త సినిమా సంగతి. "ముఖం నా కూతురిదే, ఆ ఆడే కాళ్లు ఎవరివిరా?" అని రాశావు. అది చదివి రొట్టె పక్కన పెట్టేశాను. ముందు ఇంకో సంగతి చెప్పనీ.

మా థియేటరుకి సోమవారం సెలవు. ఖాళీ స్టేజీ మీద మాత్రం ఒక బల్బు వెలుగుతూనే ఉండాలి, దయ్యాలు ఆడుకోవడానికంటారు. ఆ దయ్యాల పేరు చెప్పి డాన్సు పిల్లల్ని నేను ఏడిపించని వారం లేదు. తెర వెనక మూలగడంలో నాకు మంచి పేరుంది. పోయిన నెల ఒక సోమవారం మధ్యాహ్నం తెర తాడు బిగిద్దామని వెళితే, లోపల ఠప్, ఠప్. కొత్త డాన్సు బూట్లు ఆటలో చప్పుడు చేయకూడదని ముందే గోడకేసి బాది మెత్తబరుస్తారు చూడు, అదే. పిల్లలు నా మీద కసి తీర్చుకుంటున్నారనుకుని నేనూ ఒక మూలుగు మూలిగాను.

"చిన్నప్పుడు బొగ్గు గదిలోంచి ఇంతకంటే బాగా మూలిగేవాడివి అన్నయ్యా."

మిల్కా! కాలిఫోర్నియాలో ఉండాల్సిన మనిషి. కోటు వేసుకుని బల్బు పక్కన నిలబడి ఉంది. బూట్లు గోడ వారన పడేసింది.

"ఎప్పుడొచ్చావే?"

"ఉండు, నా వంతు వస్తోంది."

సంగీతం లేదు, మనిషి లేడు. రిహార్సల్లో ఒళ్లు అలవకుండా డాన్సువాళ్లు అడుగుల్ని చేతులతో వేసి చూసుకుంటారు. ఇది అలా కాదమ్మా. ఆట మొత్తం, ఆఖరి దణ్ణం దాకా, రెండు అరచేతులతోనే ఆడింది. కాళ్లు మాత్రం నేలకి కొట్టిన మేకుల్లా ఉన్నాయి. ఇన్నాళ్లూ దయ్యాలతో వేళాకోళాలాడిన నేను ఆ బల్బు వెలుగులోంచి రెండడుగులు వెనక్కి వేశాను.

నీకు చెప్పనని ఒట్టేసిన మాట ఇదీ. ఆ సినిమా సగంలోనే దాని తుంటి విరిగింది. మిగతా ఆట ఇంకో పిల్ల కాళ్లతో తీసి అతికించారు. ఇక ఆడకూడదని డాక్టర్లు తేల్చేశారు. నా గదిలోనే ఉంటోంది. సోమవారాలు అక్కడికి పోతుంది. మిగతా రోజులు గోడకేసి చూస్తుంది.

"ఊరంతా ఆ కాళ్లనే మెచ్చుకుంటోందన్నయ్యా. నేను పోయానని ఒక్కరికీ తెలియలేదు" అంటుంది, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా. తిండి మానేస్తోంది. ఒకరోజు నేను పని నుంచి వచ్చేసరికి ఉండదేమోనని నా భయం.

నీ ప్రశ్న చదివి వినిపించాను. "అమ్మ ఒక్కతే పట్టుకుందా?" అంది.

"ఒక్కతే. మిగతావాళ్లు టిక్కెట్టు కొని నిద్రపోయారు."

నవ్వలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాతి సోమవారం థియేటరుకి వెళ్లలేదు.

వెంటనే బయల్దేరి రా అమ్మా. చేతికర్రతో స్టేషనుకి తనే వస్తానంటోంది. రైలు దిగగానే దాని కాళ్లకేసే చూడు, చూడనట్టు నటించకు. కుంటుతున్న ఆ కాళ్లు నీ కూతురివేనని నీ నోటితో చెప్పు. నేను చెబితే అది కూడా వేళాకోళమే అనుకుంటుంది.

ఇట్లు,
జీవితంలో మొదటిసారి వేళాకోళం ఆడని
నీ పెద్దకొడుకు,
లోయిజ్