మరిది గారి కోసం బాంజో

పావ్‌పా బ్రాంచ్, కెంటకీ
మార్చి 4, 1983

హోబర్ట్ క్రిస్మన్ గారికి ఒర్లీనా స్టిడమ్ రాసేది ఏమనగా,

మీరు పోస్టులో బాంజో నేర్పుతారని విత్తనాల కేటలాగు వెనక అట్ట మీద చూశాను. నాకు అరవయ్యారేళ్లు. ఇదివరకు నేను వాయించినవి రెండే, చర్చి గంటా, మా పిల్లల వీపులూ. బాంజో మా అన్నయ్యది. ఆయన పోయాక అటక మీద పడి ఉంటే దించి కొత్త తీగలు వేయించాను.

ముందు మూడు సంగతులు తెలియాలి. ఇది ఎంత గట్టిగా మోగుతుంది? రోజుకి ఎన్ని గంటలు సాధన చెయ్యొచ్చు? ఇంట్లో ఉన్నవాళ్లకి ఎన్నో రోజున విసుగు పుడుతుంది?

ఇట్లు,
ఒర్లీనా స్టిడమ్

తా.క. మా మరిది వెర్లిన్, అంటే మా ఆయన డెల్మర్ తమ్ముడు, రెండ్రోజులుండి పోతానని పోయిన ఆగస్టులో వచ్చాడు. ముందు గదిలో వాలుకుర్చీలో ఉన్నాడు. ఈ సంగతికీ బాంజోకీ సంబంధం ఉందని నేను అనట్లేదు.


వైట్‌ఓక్ గ్యాప్, వర్జీనియా
మార్చి 11

శ్రీమతి స్టిడమ్ గారికి,

మీ ఉత్తరం చదివి కడుపు నిండిపోయింది. ఈ వయసులో మొదలెట్టేవాళ్లంతా రోజుకి ఎన్ని నిమిషాలు చాలు అని బేరమాడతారు. ఎన్ని గంటలు అని అడిగింది మీరొక్కరే.

ఇంట్లోవాళ్ల గురించి బెంగ పెట్టుకోకండి. బాంజో వెనకవైపు, డప్పులా బిగించిన తోలుకి ఆనేలా ఒక పాత మేజోడు కుక్కండి. గొంతు సగానికి సగం దిగుతుంది. మొదటి పాఠం టేపు పంపుతున్నాను. వేళ్లకి ఇనప గోళ్లు తొడుక్కుని, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఈ వరసే తిప్పి తిప్పి వాయించండి.

మీ గురువు,
హోబర్ట్ క్రిస్మన్

తా.క. మొదటి ఉత్తరంలోనే మరిది గారి మాట ఎత్తారంటే ఆయనంటే మీకెంత అభిమానమో తెలుస్తూనే ఉంది. ముచ్చటేసింది.


పావ్‌పా బ్రాంచ్
ఏప్రిల్ 2

గురువు గారికి,

మేజోడు సంగతి చెప్పి మంచి పని చేశారు. చూస్తే లోపల అప్పటికే ఒకటి ఉంది, మా అన్నయ్యది. పీకి అవతల పారేశాను. ఇప్పుడు కొండ అవతలికి వినబడుతోంది.

పొద్దున ఐదింటికే మొదలెడుతున్నాను, వెర్లిన్ కుర్చీ పక్కనే ముక్కాలిపీట వేసుకుని. మా కుక్క వాగు దాటి పక్కింటివాళ్ల దగ్గర చేరింది. నేల ఇంకా గడ్డకట్టి ఉన్నా డెల్మర్ మొక్కజొన్న చేలోంచి ఇంటికి రావట్లేదు. వెర్లిన్ మాత్రం, "వదినా, నువ్విలా పక్కన కూర్చుంటే నాకు పొద్దే తెలీట్లేదు. ఆ చిక్కుడుగింజల కుండలో ఇంకేమైనా మిగిలిందా?" అన్నాడు.

దీనికన్నా ఘాటైన పాఠం ఉంటే వెంటనే పంపండి.

ఇట్లు,
ఒర్లీనా

తా.క. ఇద్దర్లో ముందు ఎవరు పోతారని డెల్మర్ అడుగుతున్నాడు. ఇద్దరంటే ఆయనా, నేనూ.


వైట్‌ఓక్ గ్యాప్
ఏప్రిల్ 9

శ్రీమతి స్టిడమ్ గారికి,

ఘాటైన పాఠం కావాలని ముప్ఫయ్యేళ్లలో ఎవరూ అడగలేదు. మధ్యలో రెండు వదిలేసి ఏకంగా నాలుగోది పంపుతున్నాను. శ్రద్ధగా వాయించండి, మరిది గారు కుర్చీలోంచి లేవకపోతే నన్నడగండి.

మీ గురువు,
హోబర్ట్ క్రిస్మన్


పావ్‌పా బ్రాంచ్
జూన్ 6

గురువు గారికి,

కొంప మునిగింది. మీ నాలుగో పాఠం నాకు వచ్చేసింది.

రెండు నెలలు తగలెట్టాను, పోయిన మంగళవారం చెయ్యి దానంతటదే దొర్లిపోయింది. వెర్లిన్ కుర్చీలోంచి లేచాడు. లేచి, బూట్లు టపటపలాడిస్తూ గదంతా చిందేసి, మళ్లీ అందులోనే కూర్చున్నాడు. "వదినా, ఇది వింటూ వచ్చే చలికాలం కూడా ఇక్కడే గడిపేస్తా" అన్నాడు.

వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఏడుస్తున్నంతసేపూ నా వేళ్లు గిన్నె అంచు మీద ఆ వరసే తిప్పుతున్నాయి.

వచ్చింది పోగొట్టుకునే పాఠం ఏదైనా ఉందా?

ఇట్లు,
ఒర్లీనా


వైట్‌ఓక్ గ్యాప్
జూన్ 13

శ్రీమతి స్టిడమ్ గారికి,

వచ్చింది ఎక్కడ పోతుందోనన్న భయం నాకూ ఉండేది. ధైర్యంగా ఉండండి, పోదు. శ్రుతి ఒక్కటి చూసుకోండి చాలు. ఐదో తీగ వెంట్రుకవాసి దిగిందంటే, ఎంత బాగా వాయించినా మనుషులు లేచి పారిపోతారు. జాగ్రత్త.

మీ గురువు,
హోబర్ట్ క్రిస్మన్


పావ్‌పా బ్రాంచ్
జూన్ 25

గురువు గారికి,

మీ మేలు ఈ జన్మలో మరిచిపోను. ఐదో తీగ వెంట్రుకవాసి దించాను. మొదటి రోజు వెర్లిన్ చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. రెండో రోజు అన్నం ముందు కూర్చుని తినలేదు. మూడో రోజు పొద్దున సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడి, "వదినా, నీ మీద కోపం లేదు, పళ్లు పులుస్తున్నాయి" అని చెప్పి వెళ్లిపోయాడు.

మీకిన్నాళ్లూ సూటిగా చెప్పలేదు. తమ్ముణ్ణి పొమ్మనడానికి డెల్మర్‌కి నోరు పెగలదు. నేనందామంటే, ఏనాడూ వాణ్ణి పొమ్మననని మా అత్తగారికి ఆవిడ ఆఖరి రోజుల్లో మాటిచ్చాను. అనలేదు. వాయించాను.

పని అయిపోయింది కదా, బాంజో అటకెక్కిద్దామని నిచ్చెన వేశాను. సగం ఎక్కి దిగొచ్చి, తీగ సరిచేసుకుని వాయించాను. డెల్మర్ చేలోంచి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. "ఇంత బాగుంటుందని ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. పెళ్లయిన నలభై నాలుగేళ్లలో నా గురించి ఆయన నోట అలాంటి మాట వినడం ఇదే మొదటిసారి.

ఐదో పాఠం పంపండి.

ఇట్లు,
ఒర్లీనా

తా.క. కుక్క మాత్రం ఇంకా ఆలోచించుకుంటోంది.


వైట్‌ఓక్ గ్యాప్
జూలై 30

శ్రీమతి స్టిడమ్ గారికి,

జవాబు ఆలస్యమైనందుకు క్షమించాలి. ఇంట్లో చుట్టం ఉన్నాడు.

మీ మరిది గారే. టేపు కవరు మీద చిరునామా చూసుకుని, మా వదినకి నేర్పిన చెయ్యి ఎలాంటిదో విని రెండ్రోజుల్లో పోతానని వచ్చారు. ఇది ఐదో వారం. వాయిస్తే చిందేస్తారు. ఆపితే తింటారు. మీ ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను. ఈసారి అర్థమయ్యాయి.

ఐదో తీగ దించి చూశాను. నా చెయ్యి నేను చూడనప్పుడు దాన్ని బిగించేస్తోంది. ముప్ఫయ్యేళ్లుగా అందరి తప్పులూ దిద్దినవాణ్ణి, నాకు తప్పు వాయించడం రావట్లేదు. దయచేసి మీరు ఆ మూడు రోజులు వాయించినది టేపు చేసి పంపండి. ఎంత పొడుగున్నా పరవాలేదు.

మీ శిష్యుడు,
హోబర్ట్ క్రిస్మన్

తా.క. ఆయన నా భుజం మీంచి ఇదంతా చదువుతున్నారు. వదినకి నమస్కారాలు చెప్పి, ఆ టేపుతో పాటు తన చలికోటు కూడా పంపమని రాయమంటున్నారు.